ఇన్‌హేలరు నొక్కితే ఊపిరి ఆపే మావయ్య

సెలవులకి తిరువూరు వెళ్లిన రోజు, భుజం మీది బ్యాగు దించకముందే అత్త చెప్పింది. "ఈ ఆదివారం కూడా మీ మావయ్య పాడలేదే."

మావయ్య మా అమ్మకి అన్న. అక్కడి చర్చిలో ప్రతి ఆదివారం మొదటి పాట ఎత్తుకునేది ఆయనే. మిగతా రోజుల్లో ఊళ్లో వాళ్ల పత్తి చేలకీ, వినగడప దాకా మామిడి తోటలకీ వీపున పంపు కట్టుకుని పురుగుమందు కొట్టడం ఆయన పని. చలికాలంలో ఆయాసం మొదలైంది. ఒక చరణం పూర్తి కాకుండానే దగ్గు తెర. పాస్టరు గారు మంచిగానే "కొన్నాళ్లు కూర్చుని వినండి బాబాయ్" అన్నారట. ఆ రోజు నుంచి మావయ్య వెనక బెంచీలో కూర్చుంటున్నాడు. డాక్టరు పంపు పని మానమన్నాడు, మానేశాడు. ఇన్‌హేలరు వాడమన్నాడు, నెల రోజులుగా వాడుతున్నాడు. గుణం మాత్రం లేదు.

నేను హైదరాబాదులో పెరిగాను. బీ ఫార్మసీ మూడో ఏడు. అంతకు ముందు నెలే ట్రైనింగు పేరుతో ఒక ఫ్యాక్టరీలో ఇన్‌హేలర్లు తయారవడం చూసొచ్చాను. ఇక ఈ సంగతి నేనే తేల్చాలని నిర్ణయించేసుకున్నాను.

"ఏదీ, నా ముందు కొట్టుకో మావయ్యా."

బాగా ఊపాడు. నోట్లో పెట్టుకుని నొక్కాడు. పెదాల సందుల్లోంచి తెల్లగా పొగ బయటికొచ్చేసింది.

"పీల్చలేదు నువ్వు!"

"పీల్చానే."

"నేను చూస్తూనే ఉన్నాగా!"

"నువ్వు చూసేది ఆ ఫోన్లోకి గదా. నా మొహం ఎప్పుడు చూశావంట?"

అత్త నవ్వింది. నాకు మండింది. క్యాలెండరు కాగితం ఒకటి చించి వెనకవైపు బొమ్మ వేశాను. ఇది అల్యూమినియం డబ్బా. ఇందులో మందు మెత్తటి పొడిగా ఉంటుంది. దాంతోపాటు, ఒత్తిడికి ద్రవమైపోయిన గ్యాసు. మూతి దగ్గర వాల్వు, వాల్వులో బుల్లి గది. నొక్కినప్పుడల్లా ఆ గదిలో పట్టినంతే బయటికొస్తుంది. రాగానే గ్యాసు ఆవిరైపోతుంది, మందు తుంపరలు మిగులుతాయి. ఆ క్షణంలో పీలిస్తేనే ఊపిరితిత్తులకి చేరేది.

"పొడి మందా? అయితే కదపకపోతే అడుక్కి దిగిద్ది. అందుకా ఊపమన్నాడు" అన్నాడు మావయ్య. క్లాసులో ఆ ముక్క నాకు రెండోసారి చెబితే గానీ ఎక్కలేదు. "మరి ఆ గ్యాసు లోపలికెట్టా ఎక్కిస్తారు?"

"ముందు మందు కలిపింది పోసి, వాల్వు పెట్టి అంచు గట్టిగా నొక్కేస్తారు. తర్వాత ఆ వాల్వులోంచే గ్యాసుని లోపలికి తోస్తారు. ఆఖర్న డబ్బాల్ని వేడినీళ్లలో ముంచి ఎక్కడన్నా లీకవుతుందేమో చూస్తారు."

"సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్టే గదే! దీనికి నాలుగేళ్లు చదవాలా ఏంటే?"

అన్నీ అర్థమయ్యాయి ఆయనకి. అయినా మర్నాడు పొద్దున అదే పొగ, పెదాల సందుల్లోంచి. సాయంత్రం అదే. మూడో రోజు నేను అరిచేశాను. "కావాలనే చేస్తున్నావు మావయ్యా. నీకసలు పాడాలని లేదు!"

మావయ్య లేచాడు. ఇన్‌హేలరుకి మూత పెట్టి కిటికీలో పెట్టాడు, అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు. దగ్గు వినిపిస్తూనే ఉంది.

తప్పు ఆయన కళ్లకే చూపించాలని ఆ సాయంత్రం ఇన్‌హేలరు కొట్టుకునేటప్పుడు స్లో మోషన్లో వీడియో తీశాను. ముందు నేనొక్కదాన్నే చూశాను. వేలు నొక్కబోతుండగానే ఛాతీ బిగుసుకుంటోంది. కళ్లు సన్నబడుతున్నాయి. మొహం కాస్త ఎడమకి తిరుగుతోంది. పొగ వెళ్లిపోయాక గానీ ఛాతీ కదలడం లేదు.

అత్త నా భుజం మీంచి తొంగి చూసి, "పొలంలోనూ ఇంతేగా" అంది మామూలుగా. "పంపు మీట నొక్కాడంటే ఊపిరి బిగబట్టాల్సిందే. చిన్నప్పుడు వాళ్ల నాన్న వీపు మీద కొట్టి నేర్పాడంట. గాలి తిరిగితే మొహం తిప్పు, ఊపిరి పీల్చావా చచ్చావే అని."

నా చేతిలో వీడియో మళ్లీ మొదటి నుంచి ఆడుతోంది. ఇన్నేళ్లు ఆయన్ని బతికించిన అలవాటు అది. దాన్ని మూడు రోజుల్లో మానలేదని నేను అరిచాను.

అరుగు మీదికి వెళ్లి పక్కన కూర్చున్నాను. సారీ చెప్పడం నాకు రాదు. వీడియో చూపించాను. మావయ్య రెండుసార్లు చూసి, "ఓర్నీ, నేనేనా ఇది?" అన్నాడు. "నాకు తెలవకుండానే ఆగిపోతందే అమ్మడూ."

అలవాటు మాన్పించే పని ఇక పెట్టుకోలేదు. మందుకీ నోటికీ మధ్య ఒక ఖాళీ గొట్టం ఉంటే చాలు. పొగ అందులో కాసేపు నిలుస్తుంది, తర్వాత తీరిగ్గా పీల్చుకోవచ్చు. దాన్ని స్పేసర్ అంటారు. మెడికల్ షాపులో అడిగితే విజయవాడ నుంచి రావాలి, రెండు రోజులు పడుతుందన్నారు. నాకు రెండు రోజులు ఆగే ఓపిక ఎక్కడిది? మా కాలేజీ మేడంకి మెసేజ్ పెట్టాను. అది వచ్చేదాకా అరలీటరు వాటర్ బాటిల్ వాడొచ్చు, సబ్బునీళ్లతో కడిగి, తుడిస్తే మందు గోడలకి అంటుకుంటుంది కాబట్టి తుడవకుండా ఆరబెట్టమని జవాబొచ్చింది. బాటిల్ అడుగున రంధ్రం మావయ్యే చేశాడు, కాల్చిన కత్తి మొనతో. ఇన్‌హేలరు మూతి అందులో బిగుతుగా కూర్చుంది, ఎక్కడా సందు లేకుండా. పంపుకి వాషర్లు మార్చిన చెయ్యి కదా.

బాటిల్ మూతి నోట్లో పెట్టుకుని నొక్కాడు. యథాప్రకారం ఊపిరి ఆగింది, మొహం తిరగబోయింది. ఈసారి పొగ ఎక్కడికీ పోలేదు. బాటిల్లో తెల్లగా నిలబడింది. మావయ్య దాన్ని ఓరకంట చూశాడు. నేను నోరు తెరవలేదు, నాకది ఎంత కష్టమో నాకే తెలుసు. ఛాతీ వదులైంది. మెల్లగా పీల్చాడు. బాటిల్ ఖాళీ అయింది.

"ఇంత మందా?" అన్నాడు. "ఇదంతా ఇన్నాళ్లూ గాల్లో కలిపానా?"

మూడో రోజుకి స్పేసర్ వచ్చింది. మూడో ఆదివారానికి మావయ్య వెనక బెంచీ వదిలాడు. పాట మొత్తం కాదు, రెండు చరణాలు. గొంతు ఇంకా జీరగానే ఉంది. రెండో చరణం ఆఖర్న చర్చిలో ఆడవాళ్లంతా అందుకున్నారు.

ఫోన్లో రికార్డు చేశాను. ఇప్పుడు హాస్టల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే పాట కన్నా ముందు మరొకటి వినిపిస్తుంది. ప్రతి చరణానికీ ముందు, మైకులో పెద్దగా, మావయ్య ఊపిరి పీల్చుకున్న చప్పుడు.