అక్క చేతి మీది సెన్సరు

ఆస్పత్రిలో మా అక్క ఎడమ చేతికి రూపాయి బిళ్ళంత తెల్లటి సెన్సరు అతికించి పంపారు. వేలు పొడవక్కర్లేదు. రక్తంలో షుగరు ఎంత ఉందో అదే పగలూ రాత్రీ చూస్తుంది, అక్క ఫోను ద్వారా నా ఫోనుకు పంపుతుంది. బాగా పెరిగినా, బాగా తగ్గినా ఫోను మోగుతుంది. ఆఫీసు ఫోన్లు, బంధువుల ఫోన్లు చాలవన్నట్టు అక్క రక్తం కూడా నాకు ఫోను చేయడం మొదలుపెట్టింది.

అక్కది చల్లపల్లి. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, కీమో అయింది, జుట్టు ఊడి మళ్ళీ వచ్చింది. అంతా అయిపోయింది అనుకున్నాక వెన్నెముకలో కనిపించింది. అప్పటినుంచి పటమటలో మా ఇంట్లోనే ఉంటోంది. నేను ఉద్యోగం, వంట, ఆస్పత్రి మధ్య తిరుగుతూ ఏ రోజు ఏ వారమో కూడా మరిచిపోయాను. ఓపిక లేదు అని చెప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు. పొద్దున్నే ఫోను తెరిస్తే ఎవరో ఒకరు పంపిన కబురు ఉండేది, ఫలానా దేశంలో క్యాన్సర్‌కు మందు కనిపెట్టారని. లోకమంతా నయమైపోయి మా ఇంట్లోనే ఈ జబ్బు మిగిలిపోయినట్టు అనిపించేది.

అందుకే డాక్టరు గారు కొత్త మాత్ర మాట ఎత్తినప్పుడు నేను పెద్దగా పొంగిపోలేదు. అక్క కణితి ముక్కను పరీక్షకు పంపితే అందులో ఒక జన్యువు మారిందని తెలిసిందట. సరిగ్గా ఆ మార్పు ఉన్నవాళ్ళకే పనిచేసే మాత్ర ఇప్పుడు వచ్చిందట. జబ్బు పూర్తిగా పోదు, కొన్నాళ్ళు ఆగవచ్చు అన్నారు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ మాత్ర షుగరును పెంచేస్తుంది. అక్కకు పదిహేనేళ్ళుగా షుగరు. ముందు అది అదుపులోకి వస్తేనే మాత్ర మొదలుపెడతామన్నారు. సెన్సరు అందుకే.

మా వైపు షుగరు పరీక్షకు ఒక పద్ధతి ఉంది. ఏడాదంతా అన్నం, ఆవకాయ, మీగడ పెరుగు. పరీక్ష రేపనగా ఒక్కసారిగా నిష్ఠ మొదలవుతుంది. కాకరకాయ రసం, ఒంటిపూట తిండి, వీధి చివరిదాకా నడక. పరీక్ష కాగానే ఆస్పత్రి ఎదురు హోటల్లో నెయ్యి దోసె. మా నాన్న జీవితాంతం ఇలాగే డాక్టర్ల దగ్గర మంచి మార్కులు తెచ్చుకున్నాడు. ఆ చదువే అక్కకూ వచ్చింది.

ఫోనులో షుగరు చూపించే గీత దిగడం మొదలైంది. నేను సంతోషించాను. అక్క ఎట్టకేలకు మాట వింటోంది అనుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కంచం కడిగి బోర్లించి ఉండేది.

"తిన్నావా?" అంటే, "తినక గాలి పీల్చి బతుకుతున్నానా? నీ కూరలో ఉప్పు లేదు," అనేది. ఉప్పు సంగతి కూడా చెబుతోందంటే తిన్నట్టే కదా.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను మోగింది. షుగరు పడిపోతోంది. అక్కకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆటో ఎక్కాను. బెంజి సర్కిల్ దగ్గర బండ్లు కదలవు, చేతిలో అంకె తగ్గుతూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. జబ్బు మీద, ట్రాఫిక్ మీద, ఆ అంకె మీద.

తలుపు తీసేసరికి అక్క వంటింట్లో నేల మీద, గోడకు ఆనుకుని ఉంది. జాకెట్టంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. గ్లాసుడు నీళ్ళలో పంచదార కలిపి కొద్దికొద్దిగా తాగించాను. తేరుకున్నాక కుక్కరు మూత తీసి చూశాను. పొద్దున నేను వండిన అన్నం గరిటె పడకుండా అలాగే ఉంది.

"తినకుండా షుగరు మాత్ర వేసుకున్నావా?"

"మాత్ర మానకూడదన్నారుగా," అంది.

"మరి తిండి మానమన్నారా?"

"అరవకే. సోమవారం చూపించాలిగా. అంకె బాగుంటే మొదలుపెడతారు. అయిదారు రోజులు తినకపోతే ఏం పోయింది? ముందు ఆ మందు నా కడుపులో పడనీ."

నేను ఆ కుక్కరు పక్కనే కూలబడి ఏడ్చాను.

సోమవారం డాక్టరు గారు గీతంతా చూశారు. పాత పరీక్షకు ఒక్క పూట అంకె చూపిస్తే సరిపోయేది. ఇది వారమంతా చూపించింది, పస్తులతో సహా. ఆయన కోప్పడలేదు. షుగరు మందు మార్చారు. మూడు పూటలా తినమన్నారు. ఇంకో పది రోజులు చూసి మొదలుపెడదామన్నారు.

"పది రోజులు జబ్బుకు ఇచ్చినట్టే కదండీ," అంది అక్క, నడుము మీద చెయ్యి వేసుకుని.

ఆయన ఫోను నా చేతికి తిరిగి ఇచ్చారు. "మీరు పడిపోతే అసలు మొదలుపెట్టలేనమ్మా," అన్నారు. అక్క తల ఊపింది. ఇంటికి వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆ పది రోజులూ ఎదురుగా కూర్చోబెట్టుకుని తినిపించాను. సెలవు లేదన్నా పెట్టాను. గీత ఎగుడుదిగుడుగానే నడిచింది గానీ అది నిజమైన గీత. చివరికి డాక్టరు గారు సరే అన్నారు.

మాత్ర భోజనం అయిన వెంటనే వేసుకోవాలి. అక్క దోసకాయ పప్పుతో తృప్తిగా తిని, మారు వడ్డించుకుని, మాత్ర మింగింది. ఇది ఎన్నాళ్ళు ఆపుతుందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అలసటతో ముందు గదిలో నడుం వాల్చాను.

కాసేపటికి ఫోను మోగింది. షుగరు పెరిగింది.

"మోగిందా?" అంది అక్క వంటింట్లోంచి. "తిన్నానని చెప్పవే దానికి."