చలికొండ మీద షంసా మామా పెరడు

నిన్న పొద్దున కోడలు ఫ్రిజ్జులోంచి స్టీలు గిన్నె తీసి నా చేతిలో పెట్టింది. పైన నీళ్లు పలకలాగా గడ్డకట్టి ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే టిక్కుమని పగిలాయి. ఆ చప్పుడు చెవిన పడగానే నేను రాయచోటిలో లేను. ఒమాన్‌లో, జబల్ అఖ్దర్ కొండ మీద, రాతి ఇంటి పెరట్లో ఉన్నాను. శాలువా తల మీదుగా కప్పుకుని, ఇలాంటి గిన్నె పక్కనే గొంతుక్కూర్చుని షంసా మామా నీళ్లను వేలితో నొక్కి చూస్తోంది. గల్ఫ్ అంటే ఎండలే అనుకునేవాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. ఆ కొండ మీద చలికాలం తెల్లారేసరికి తొట్టిలో నీళ్లు అద్దమైపోతాయి.

నేను బడికి పోయింది అక్షరాలు కూడబలుక్కునేంత వరకే. ఎనభైల చివర్లో మస్కట్ చేరి, బౌషర్‌లో ఒక ఇంట్లో వంటకు కుదిరాను. ఇంటావిడను మామా అని, ఇంటాయనను బాబా అని పిలవడం అక్కడి పనివాళ్ల అలవాటు. షంసా మామా సముద్రపు ఒడ్డున ఖర్జూర తోటల్లో పుట్టిన మనిషి. మాట నెమ్మది, పట్టు గట్టి. నేను చేరిన కొత్తలో తిండి సయించక చిక్కిపోతుంటే, మీ ఊళ్లో ఒంట్లో బాగా లేనప్పుడు ఏం తింటారని అడిగింది. ఆమె అరబ్బీ, నా వంటింటి అరబ్బీ, మధ్యలో కాస్త హిందీ కలిపి, రాగి సంగటి సంగతి చేతులు తిప్పి చూపించాను. మర్నాడు రాగిపిండి దొరకలేదని సజ్జపిండి తెచ్చి నా ముందు పెట్టింది. ఇద్దరం కలిసి గెలికాం. ముద్ద నోట్లో పెట్టుకుని ఆమె మొహం చిట్లించింది. నేను మాత్రం కడుపునిండా తిన్నాను.

కొన్నేళ్లకు బాబా ఉద్యోగం అయిపోయింది. ఆయనది కొండ ఊరు. అక్కడ తాతల నాటి స్థలంలో ఇల్లు కట్టించి, ఇక మిగిలిన బతుకు అక్కడేనన్నాడు. మామా కాదనలేదు. ఒక్కటే అడిగింది. పొద్దున లేచి వంటింటి కిటికీ తెరిస్తే తన పుట్టింట్లో కనపడినట్టు మట్టలు ఊగుతూ కనపడాలి. బాబా తల అడ్డంగా ఊపి, కొండ దానిమ్మను ఒప్పుకుంటుంది, గులాబీని ఒప్పుకుంటుంది, ఖర్జూరాన్ని ఒప్పుకోదన్నాడు. మామా వినలేదు. పుట్టింటి తోటలోంచి ఖర్జూరం పిలకలు తెప్పించి పెరడంతా నాటించింది.

నాటింది మస్తానన్న. కడప దగ్గరి మనిషి, ఆ ఇంట్లో డ్రైవరు, తోటమాలి కూడా ఆయనే. తన ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో మాత్రం మా సీమ తెలుగు. బౌషర్‌లో పొద్దు వాలాక చెట్ల తలలు తడిసేలా నీళ్లు పట్టడం ఆయనకు అలవాటు. అక్కడి ఎండకు అదే సరైన పద్ధతి. కొండ మీద కూడా అట్లాగే పట్టాడు. మొవ్వులో నిలిచిన నీళ్లు తెల్లారేసరికి గడ్డకట్టేవి. మధ్యాకు గోధుమరంగుకు తిరిగితే, ఎండకు వాడిందేమోనని ఇంకాస్త నీళ్లు పట్టాడు. ఒక పొద్దున మామా ఒక్కో పిలక దగ్గరికీ పోయి, మొవ్వాకును రెండు వేళ్లతో మెల్లిగా పైకి లాగింది. కుళ్లిన వెల్లుల్లి రెబ్బలాగా ఊడి చేతికొచ్చింది. అన్నీ అంతే. మిగతా ఆకులు పైకి ఇంకా పచ్చగానే ఉన్నా, ప్రాణం ఎప్పుడో పోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మామా గొంతు పెంచకుండానే బాబాతో చెప్పింది. వచ్చే చలికాలానికి ఆ పెరట్లో ఒక్క మట్ట చెట్టు నిలవకపోతే తాను కిందికి తమ్ముడింటికి పోతుందట. బాబాను రమ్మని అడగదట, పొమ్మనీ అనదట. దానిమ్మలతో ఆయన సుఖంగా ఉండొచ్చు. బాబా నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. అన్నం వడ్డిస్తున్న నా చెయ్యి కూడా ఆగింది. ఆమె లేని ఇంట్లో వంటమనిషితో పనేముంది. బయటికొచ్చి ఆ మాట చెబితే మస్తానన్న అన్నాడు.

"సూడు రమణమ్మా, చెట్టు సచ్చిందని మొగుణ్ని ఇడిసిపెట్టే ఆడదాన్ని యాడన్నా సూసినావా?"

"చెట్టు కోసం కాదులే అన్నా. ఆయన ఊర్లో ఆయనున్నాడు. ఆమె ఊరు ఆమెకు యాడుంది?" అన్నాను.

ఆయన గడ్డం గోక్కుని, నీళ్ల పైపు చుట్టుకుంటూ పోయాడు.

ఆ గిన్నెల సంగతి అప్పటిదే. మామా నా వంటింట్లోని స్టీలు గిన్నెలన్నీ అడిగింది. సందేళ వాటిలో నీళ్లు పోసి పెరట్లో అక్కడక్కడా పెట్టించింది. తెల్లారి ఆమె వెనకాల నేనూ వణుక్కుంటూ తిరిగేదాన్ని. పల్లంలో, గేటు దగ్గర పెట్టినవి రాయిలాగా గడ్డకట్టేవి. వంటింటి రాతిగోడను ఆనుకుని పెట్టిన గిన్నెలో మాత్రం నీళ్లు నీళ్లలాగానే ఉండేవి. పగలంతా ఎండ తాగిన గోడ రాత్రంతా ఆ వేడిని కొంచెం కొంచెంగా వదిలేది. చలి నీళ్లలాంటిదే రమణా, పల్లానికి పోయి నిలుస్తుందని నాకు చూపించింది. మేము ఖర్జూరాలు నాటింది సరిగ్గా ఆ పల్లంలోనే.

చోటు తెలిసింది. ఇక చెట్టు కావాలి. ముగ్గురం జీపులో మస్కట్ దిగి, మొక్కలమ్మే ఒక షెడ్డుకు పోయాం. అమ్మే అతను విసనకర్రల్లాంటి ఆకులవి, సీసాలాగా బొజ్జ ఉన్నవి, పాలిష్ పెట్టినట్టు మెరిసేవి, ఎన్నో చూపించాడు. ప్రతిదాని దగ్గరా మామాది ఒకటే ప్రశ్న. ఇది పుట్టిన ఊళ్లో మంచు పడుతుందా? అతను విసిగి, ఇవన్నీ పుట్టింది నా షెడ్డులోనే మామా, నీళ్లు పోస్తే ఎక్కడైనా బతుకుతాయన్నాడు. నీళ్లు పోసే కదా చంపుకున్నామని ఆమె వెనక్కి తిరిగింది. మస్తానన్న ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఉత్తచేతులతో బయల్దేరి, ఆ రాత్రికి కొండ కింద చుట్టాలింట్లో ఆగి, పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాం. అప్పట్లో అది మట్టిదారి. సగం కొండ ఎక్కాక, ఎండ ఇంకా దిగని లోయ మలుపులో మామా జీపు ఆపమంది. రాళ్ల మధ్య బూడిదరంగు పొదలున్నాయి. దగ్గరికి పోతే నాకు నవ్వొచ్చింది. అచ్చం మా ఊరి తాటి పిల్లలే. అవే విసనకర్ర ఆకులు, కాకపోతే నీలం కలిసిన బూడిదరంగు. ఆకుల అంచున తెల్లగా మంచు. అక్కడ దాన్ని గదఫ్ అంటారు. మామా నాయనమ్మ ఆ ఆకుతోనే బుట్టలు అల్లేదట. చిన్నప్పటి నుంచీ చేతిలో మెలిగినా, దాన్ని చెట్టుగా ఎన్నడూ చూడలేదంది. వంగి మొవ్వాకు పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకొంచెం బలంగా లాగింది. వేళ్లు జారి వెనక్కి పడబోతే నేను పట్టుకున్నాను.

"షూఫ్, చూడు రమణా. ఇది నన్నే లాగుతోంది."

మస్తానన్నకు మాత్రం తల కొట్టేసినట్టయింది. జీపెక్కుతూ నాతో గొణిగాడు.

"అంత పెద్ద బంగ్లాలో గాడిదలు మేసే పొదంట. రేపు తుమ్మకంప గూడా అడుగుతాదేమో సూడు."

"అడిగితే నాటేది నువ్వే గదా అన్నా."

"అదే గదమ్మే నా ఏడుపు."

వెంటనే తవ్వుదామని మస్తానన్న పార తీస్తే మామా వద్దంది. చలిలో వేరు నిద్రపోతుంది, లేపి పంపితే దారిలోనే చస్తుందని ఎండాకాలం దాకా ఆగింది. వేడి ముదిరాక, ఆ లోయలో మేకలు మేపుకునే ముసలాయనకు చెప్పి, చిన్న చిన్న పిలకల్ని మట్టిగడ్డతో సహా తెచ్చుకున్నాం. గోడవారగా రాళ్లు పేర్చి, నీళ్లు నిలవకుండా ఎత్తు చేసి నాటాం. కొన్ని పోయాయి. నిలిచినవి నెలల తరబడి ఒక్క కొత్తాకు కూడా వేయకుండా మొండిగా కూర్చున్నాయి. చూడవచ్చిన వాళ్లు మంచి గోడ పక్కన ఈ కంప ఏమిటని బాబాను అడిగితే, ఆయన మా ఇంటావిడ తోటండీ అని గంభీరంగా చెప్పేవాడు.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. ఒక సాయంత్రం వడగళ్లు పడి పెరడు తెల్లబడింది. దానిమ్మ కొమ్మలు రెండు విరిగాయి. తెల్లారి మామా బయటికి పోతుంటే నేను వెనకే పోయాను. బాబా చెప్పుల్లేకుండానే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె మంచు దులిపి మొవ్వాకు పట్టుకుంది. లాగింది. రాలేదు. పక్కదాన్ని లాగింది. అదీ రాలేదు. చివరిదాకా పోయి, చెయ్యి శాలువాకు తుడుచుకుని బాబా వైపు తిరిగింది.

"తమ్ముడికి కబురు పెట్టు. నా పెళ్లిపెట్టె పైకి తెమ్మను."

ఇత్తడి మేకులు కొట్టిన ఆ చెక్కపెట్టెను ఆమె కొండ ఎక్కేటప్పుడు తమ్ముడింట్లోనే ఉంచేసిందని నాకు అప్పుడే తెలిసింది. బాబాకు తెలిసే ఉండాలి. మస్తానన్నను కేకేసి, జీపు తియ్యమని ఆ పొద్దునే పంపాడు. కాఫీ కూడా తాగనియ్యలేదని మస్తానన్న దారంతా తిట్టుకున్నాడట. పెట్టె మాత్రం తన దుప్పటి చుట్టి తెచ్చాడు.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ గదఫ్ పొదలు గుబురుగా పెరిగి కిటికీ ఎత్తుకొచ్చాయి. గాలికి ఖర్జూరపు మట్టల్లాగా మెత్తగా ఊగవు. ఎండుటాకులు విసిరినట్టు గలగలమంటాయి. పుట్టింటి చప్పుడు కాదుగానీ, ఈ ఇంటి చప్పుడు ఇదేనేమో అనేది మామా.

తొంభైల చివర్లో కొడుకు పెళ్లి కుదిరి నేను తిరిగొచ్చేటప్పుడు, అన్నేళ్ల తర్వాత నా ఊరు నన్ను గుర్తుపడుతుందో లేదోనని భయంగా ఉందని ఆమెతో అన్నాను. నా సంచిలో ఖర్జూరాలు సర్దుతూ ఆమె అంది.

"అన్నీ కావాలనకు, ఏదీ వద్దనకు. ఒక్కదానికి మొండికెయ్యి. అది నువ్వెరిగిన మొహంతో రాకపోతే, ఏ మొహంతో వస్తుందో వెతుక్కో."

వచ్చేసరికి మా పాత ఇల్లు లేదు. కొడుకు టౌన్‌లో పైఅంతస్తులో అద్దెకున్నాడు. టీవీ, ఫ్యాను, మంచం, అన్నీ అమర్చి, ఇంకేం కావాల మా అన్నాడు. నలుగురితో కూర్చుని మాట్లాడుకునే అరుగు కావాలన్నాను. పైఅంతస్తుకు అరుగెక్కడిది? నాలుగు రోజులు ఇల్లంతా తిరిగి, చివరికి మెట్ల మలుపు పట్టుకున్నాను. గాలొస్తుంది, వీధి కనపడుతుంది, ఎక్కేవాళ్లు దిగేవాళ్లు అక్కడ ఆగక తప్పదు. ఎవరేమనుకుంటారు అత్తా అని కోడలు మొదట్లో మొహమాటపడింది. ఇప్పుడు కిందింటి వాళ్లు ఒలవడానికి చిక్కుళ్లు తెచ్చుకుంటారు, పక్కింటామె వెల్లుల్లి తెచ్చుకుంటుంది. నిన్న సాయంత్రం కోడలు కూడా చాట తెచ్చుకుని నా కింది మెట్టు మీద కూర్చుంది. పై ఇంటాయన సైకిలు కింద పెట్టి ఎక్కుతూ, కాస్త దోవ ఇయ్యండమ్మా అన్నాడు. ఇచ్చాం. ఆయన పోగానే మళ్లీ సర్దుకుని కూర్చున్నాం.