మంచు మీద బావాబామ్మర్దులు

ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు గానీ, కొత్తగా కువైట్ వచ్చిన రోజుల్లో నా బతుకు సగం చెమటలోనూ సగం చలిలోనూ గడిచేది. ఫర్వానియాలో మేముండే గది నుంచి బస్‌స్టాపు దాకా నడిచేలోగా చొక్కా వీపుకు అంటుకుపోయేది. బస్సు దిగి మాల్ లోపలికి పోయి చివరి తలుపు తీస్తే, ఎదురుగా మంచు. మిషన్లతో చేసినదే గానీ నిజమైన మంచే. దాని మీద జారడానికి జనం డబ్బులిచ్చి మరీ వచ్చేవాళ్లు. (మా రాజంపేట వైపు వానాకాలం బురదలో జారితే నవ్వినవాళ్లున్నారు గానీ, జారనిమ్మని డబ్బులిచ్చినవాళ్లు లేరు.) కౌంటరు వెనక నిలబడి వాళ్ల కాళ్లకు సరిపోయే బూట్లు, ఆ బూట్లకు తగిలించుకునే పొడుగాటి స్కీ పలకలు, చేతులకు రెండు మొనకర్రలు ఇవ్వడం, మళ్లీ తీసుకుని తుడిచి పెట్టడం నా పని. మండే ఎండలో దళసరి జాకెట్టు చంకన పెట్టుకుని బస్సెక్కే నన్ను చూసి, బస్సు నడిపే ఈజిప్టు డ్రైవరు రోజూ నా మొహం వంక ఒకసారి అనుమానంగా చూసేవాడు, జ్వరమేమోనని.

ఆ ఉద్యోగం ఇప్పించింది మా బావ. అంటే మా అక్క మొగుడు. అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు, ఆ ఇంటి యజమానిని బాబా అని పిలిచేవాడు. బావకు నేనంటే ప్రాణం. ఆ ప్రాణమంతా తిట్లలోనే ఉండేది. "ఏంరా ఎనుంగొడ్డా, తింటివా?" అని ఫోను మొదలుపెట్టేవాడు. నేనూ తగ్గేవాణ్ణి కాదు. "తింటిలే గానీ, నీ మొగం చూసినాక గూడా మీ బాబా నీకు కారు ఇస్తాండాడా?" అనేవాణ్ణి. బావాబామ్మర్దులం కాబట్టి ఒకరినొకరు తిట్టుకోవడం మా జన్మహక్కు. అదే మాట బయటివాడు అన్నాడంటే మాత్రం మా ఊళ్లో రెండు వీధుల మధ్య మాటలు ఆగిపోతాయి. "యాపకముండాది గదా, నువ్వింకా ట్రయల్లోనే ఉండావు," అని చివర్లో గొంతు తగ్గించి చెప్పేవాడు. "ఆ చేటన్ ఊఁ అంటేనే నీకు ఇఖామా, అదే ఈడ ఉండే పర్మిట్టు, కొడతారు. ల్యాకపోతే ఖలాస్, టికెట్టు చేతిలో పెడతారు. మీ అక్క నన్ను ఇంట్లోకి గూడా రానీదు." చేటన్ అంటే మా సూపర్‌వైజరు, మలయాళీ. మనిషి పెద్దగా మాట్లాడడు. కళ్లజోడు పైనుంచి ఒక్క చూపు చూస్తే చాలు, మనం ఏ తప్పూ చేయకపోయినా ఏదో ఒకటి ఒప్పేసుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం సెలవు గనక పొద్దున్నే తెల్లవాళ్ల గుంపొకటి వచ్చేది. వాళ్లలో ఇద్దరు నాకు బాగా గుర్తు. ఇద్దరూ ఒకే ఆఫీసులో ఇంజనీర్లు. ఒకాయనది ఆస్ట్రేలియా, ఇంకొకాయనది ఇంగ్లండు. పేర్లు నోరు తిరగక నేను వాళ్లకు తిట్ల సార్ అనీ, థాంక్యూ సార్ అనీ పెట్టుకున్నాను. మొదటి శుక్రవారం థాంక్యూ సార్ బూట్లు కట్టుకుంటూ ఉంటే వెనకనుంచి తిట్ల సార్ వచ్చి, వీపు మీద ఒక్కటిచ్చి, "గుడ్ మార్నింగ్, యూ ఓల్డ్ బాస్టర్డ్!" అని హాలంతా వినబడేలా అరిచాడు. అప్పటికి నా ఇంగ్లీషు అంతంత మాత్రమే గానీ తిట్లు తెలుసు. (ఏ భాషైనా నేను అటువైపు నుంచే నేర్చుకుంటూ వచ్చాను.) మనిషి పుట్టుకను పట్టుకుని అన్న మాట! నా చేతిలో బూటు చేతిలోనే ఉండిపోయింది. థాంక్యూ సార్ మాత్రం నవ్వుతూ, "లవ్‌లీ. థాంక్యూ సో మచ్," అని లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం బావకు చెప్పాను. ఆయన తీర్పు చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. "ఓరి ఎర్రోడా, ఆయప్ప చెల్లెల్ని ఈయప్ప చేసుకోనుంటాడు. బావాబామ్మర్దులురా వాళ్లు. ల్యాకపోతే అట్లా మాట ఎవరు పడతారు?" నాకు మనసు నిమ్మళించింది. తాళానికి తాళంచెవి దొరికినట్టయింది. ఆ తర్వాతి వారం నుంచి వాళ్లు తిట్టుకుంటే నేనూ ముసిముసిగా నవ్వేవాణ్ణి. కుటుంబం కదా అని ఇద్దరికీ పక్కపక్క లాకర్లు ఇచ్చేవాణ్ణి.

అలా సాగిపోతుండగా అమెరికా నుంచి ఒక మేడం ఆ గుంపులో చేరింది. ఆమెకు అన్నీ ఆసమ్. మంచు ఆసమ్, బూట్లు ఆసమ్, నేను పొరపాటున రెండూ ఎడమకాలి బూట్లే ఇస్తే అదీ ఆసమ్. ఆసమ్ మేడం వచ్చిన కొన్నాళ్లకు వాళ్లలో వాళ్లు జంటల పందెం పెట్టుకున్నారు. తిట్ల సార్‌కూ థాంక్యూ సార్‌కూ జంట కుదిరింది. పందేనికి ముందు వారం సాధన చేస్తూ థాంక్యూ సార్ వాలు మధ్యలో బోర్లా పడ్డాడు. పైనుంచి తిట్ల సార్ అందుకున్నాడు. పాత మాటతో మొదలుపెట్టి, వాళ్ల అమ్మమ్మ చేతి చీపురు కూడా ఇంతకంటే బాగా జారుతుందనే దాకా వెళ్లాడు. థాంక్యూ సార్ మంచు దులుపుకుని లేచి, "థాంక్యూ. మోస్ట్ హెల్ప్‌ఫుల్," అన్నాడు. ఆసమ్ మేడం మొహం మాడిపోయింది. తిన్నగా నా కౌంటరు దగ్గరికి వచ్చి, పాపం అంత మర్యాదస్తుణ్ణి నలుగురిలో అలా అవమానిస్తుంటే చూస్తూ ఊరుకుంటారా, మా దేశంలో ఆ మాటకు దవడ పగులుతుంది, అంది.

నేను పెద్దమనిషి తరహాలో చేయి ఊపి, "నో ప్రాబ్లం మేడం. సిస్టర్ హస్బెండ్," అన్నాను.

"ఎవరి సిస్టర్? ఆ ఇద్దరికీ అసలు తోబుట్టువులే లేరు!" అంది మేడం.

నా కాళ్ల కింద మంచు కదిలింది. చుట్టరికం లేదా! అయితే ఆ మాటలన్నీ వట్టి తిట్లేనా? అంతకంటే భయం కలిగించింది ఆ థాంక్యూ. మా వైపు తిట్టినవాణ్ణి తిరిగి తిట్టాడంటే సాయంత్రానికి ఇద్దరూ ఒకే కొట్లో టీ తాగుతారు. అలా కాకుండా, "సంతోషం అన్నా, మంచి మాట చెప్తివి," అని తువ్వాలు దులుపుకుని పోయాడంటే మాత్రం, తిట్టినవాడి ఇంట్లోవాళ్లు పొద్దు వాలకముందే తలుపులు వేసుకుంటారు. ఈయన వారం వారం థాంక్యూ చెబుతూనే ఉన్నాడు. ఎంత కసి పేరుకుపోయి ఉంటుందో! ఇక ఆ మనిషి రెండు చేతుల్లోనూ మొనదేలిన కర్రలు పెట్టబోయేది ఎవరు? నేను. ఏదైనా జరిగితే పోలీసులు మొదట అడిగేది ఎవరిని? ట్రయల్లో ఉన్న నన్నే.

ఆయనొక్కడికే కర్రలు లేవంటే అనుమానం వస్తుంది కదా. అందుకని పందెం నాడు పొద్దున్నే హాల్లో ఉన్న కర్రలన్నీ మోసుకెళ్లి, తడి బూట్లు ఆరబెట్టే గదిలో పిల్లల జాకెట్ల గుట్ట కింద కప్పెట్టాను. "పోల్స్ ఖలాస్ సార్. ఆల్ బ్రోకెన్," అని ప్రకటించాను. ఆసమ్ మేడం అది కూడా ఆసమ్ అంది. పందెం మొదలైంది. చేతికి ఆసరా లేక పెద్ద పెద్ద ఇంజనీర్లందరూ, ఎండబెట్టిన వడియాల మధ్య నడిచేవాళ్లలా చేతులు చాపుకుని, వంగి, అరుస్తూ దిగారు. ఆగడం ఎవరికీ కుదరలేదు. చివర్న కట్టిన వలలో అందరూ ఒకరి మీద ఒకరు కుప్ప పడ్డారు. అన్నిటికంటే అడుగున తిట్ల సార్, ఆయన మీద థాంక్యూ సార్.

చేటన్ వచ్చాడు. కళ్లజోడు పైనుంచి కుప్పను చూశాడు, నన్ను చూశాడు, తిన్నగా బూట్ల గదిలోకి వెళ్లి గుట్ట కిందనుంచి ఒక చంకెడు కర్రలతో తిరిగొచ్చాడు. "యే క్యా హై?" అన్నాడు. అందరూ చుట్టూ చేరారు. ఇక దాచి లాభం లేదు. ఉన్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని థాంక్యూ సార్ వైపు తిరిగాను. "సార్, హి గివ్ బ్యాడ్ వర్డ్, యూ గివ్ థాంక్యూ. మై ప్లేస్, బ్యాడ్ వర్డ్ బ్యాడ్ వర్డ్, ఫ్రెండ్. బ్యాడ్ వర్డ్ థాంక్యూ, మర్డర్."

తిట్ల సార్ తొడ చరుచుకుని నవ్వాడు. మా దేశంలో ఆ మాట ప్రాణస్నేహితుణ్ణి తప్ప ఇంకెవరినీ అనమని, పడనివాళ్లనే సార్ అని పిలుస్తామని చెప్పాడు. ఆసమ్ మేడం నాలుక్కరుచుకుంది. అందరూ నవ్వారు, ఒక్క థాంక్యూ సార్ తప్ప. ఆయన చేతి తొడుగు నెమ్మదిగా, ఒక్కో వేలే విడిపించుకుంటూ, "నిజం చెప్పాలంటే, నాకు బాధగానే ఉండేది. ప్రతి శుక్రవారం," అన్నాడు.

తిట్ల సార్ నవ్వు సగంలో ఆగిపోయింది. "మరి చెప్పలేదేం?"

"చెప్పానుగా. లవ్‌లీ అన్నాను."

"అంటే నీకు నచ్చిందనుకున్నాను!"

"మా ఇంట్లో ఇంతకంటే గట్టిగా ఎవరూ అనరు," అన్నాడు థాంక్యూ సార్. ఇద్దరూ చెరో కారులో వెళ్లిపోయారు. చేటన్ కర్రలు కౌంటరు మీద పెట్టి, వచ్చే శుక్రవారం వాళ్లిద్దరూ రాకపోతే నువ్వు కూడా రావద్దని హిందీలో ప్రశాంతంగా చెప్పాడు. బావకు ఫోను చేశాను. తిడతాడనుకున్నాను. "సరేలేప్పా, ఏమైతాదో చూస్తాం," అన్నాడు. బావ నన్ను మర్యాదగా 'అప్పా' అనడం అదే మొదలు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

శుక్రవారం తిట్ల సార్ వచ్చాడు. తల వంచుకుని అందరికీ పేరుపేరునా గుడ్ మార్నింగ్ చెప్పాడు. నన్ను కూడా సార్ అన్నాడు. అంత గొంతు అంత చిన్నగా వినబడుతుంటే, విజిల్ పాడైపోయిన కుక్కరును చూసినట్టు దిగులేసింది. కాసేపటికి థాంక్యూ సార్ వచ్చాడు. తిన్నగా ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. దగ్గాడు. పిల్లలెవరూ లేరు కదా అని అటూ ఇటూ చూసుకున్నాడు. "గుడ్ మార్నింగ్," అన్నాడు, "యూ... యూ... టర్నిప్!"

అదేం తిట్టని చేటన్ని చెవిలో అడిగాను. కూరగాయ అన్నాడు. మొత్తం వారం కూర్చుని సాధన చేస్తే ఆ పెద్దమనిషి నోట పెగిలింది ఆ ఒక్క దుంపే! కానీ తిట్ల సార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. (చలికి, అని తర్వాత చెప్పుకున్నాడు.) ఆయన్ను అమాంతం పైకెత్తి గిరగిరా తిప్పాడు. ఆసమ్, అంది మేడం. ఆ మాట సరిగ్గా అతికింది ఆ రోజే. ఇద్దరి చేతుల్లోనూ కర్రలు నేనే పెట్టాను. చేటన్ కళ్లజోడు పైనుంచి చూసి, "పాస్‌పోర్ట్ కాపీ లేకే ఆనా," అన్నాడు. నా ఇఖామాకు ఆయన అన్న ఊఁ అదే.

చేటన్ కేరళ వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. నాకూ కళ్లజోడు వచ్చింది, పైనుంచి చూడటం కూడా వచ్చింది. కర్రలు దాచిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త బెంగ కూడా కలుగుతుంది. మొన్న బావ ఫోను చేసి, "నమస్తే. ఎట్లుండారు? భోంచేసినారా?" అన్నాడు.

"బావా, నా మీద కోపమా?"

"కోపమేందప్పా. సూపర్‌వైజరు అయినారు, కింద పిలకాయలు పని చేస్తాండారు. ఇంగా ఎనుమూ గినుమూ అంటే బాగుంటాదా?"

"బావా, నీకు దండం పెడతా. ఒక్కసారి తిట్టు."

అవతల దగ్గు వినిపించింది. తర్వాత "ఎనుమా," అన్నాడు మొహమాటంగా, ఆ టర్నిప్ అన్నంత మెల్లగా. నేను నవ్వాను. అంతే, కట్ట తెగింది. ఎనుంగొడ్డు మొదలు మా ఏడు తరాల దాకా, అందులో తన పెళ్లాం కూడా ఉందన్న సంగతి మరిచిపోయి మరీ తిట్టాడు. ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా హాలంతా వినిపిస్తోంది. కౌంటరు దగ్గరి కుర్రాళ్లు బూట్లు చేతుల్లో పట్టుకుని, బిత్తరపోయి నా వంకే చూస్తున్నారు.

కళ్లు తుడుచుకుని వాళ్లకు చేయి ఊపాను. "నో ప్రాబ్లం. సిస్టర్ హస్బెండ్."