హాస్టల్ పిల్లలందరికీ నేనే గార్డియన్

కరుణను నేను మొదట చూసింది తార్నాక మెట్రో కింద, నా జొన్నరొట్టెల బండి దగ్గర. జనగామ పక్క పల్లె నుంచి పెద్ద చదువుకని యూనివర్సిటీకి వచ్చింది. తండ్రి వెంకటనర్సయ్య రైస్‌మిల్లులో హమాలీ. హాస్టల్లో చేరాలంటే పట్నంలో ఉండే మనిషెవరో లోకల్ గార్డియన్‌గా సంతకం పెట్టాలట.

"అవ్వా, నాకు గీడ ఎవ్వరు లేరు. నువ్వు పెడ్తవా?" అంది.

"మొన్న కారం ఎక్కువైందని మొఖం మాడ్చుకున్న పిల్లవు నువ్వే గదా?"

"నేనే."

కాదంటే పొమ్మనేదాన్ని. అవునంది కాబట్టి పెట్టాను. రెండో తరగతిలోనే బడి వదిలినా నేను వేలిముద్ర మనిషిని కాను. పోచమ్మ అని గుండ్రంగా రాస్తాను.

చదువు అయ్యాక కరుణకు క్యాంపస్‌లోనే కంప్యూటర్ విభాగంలో కాంట్రాక్టు నౌకరీ దొరికింది. నేనుండే ఇంట్లోనే పక్క గది అద్దెకు తీసుకుంది. పొద్దంతా ఏం పని చేస్తావే అని ఒకరోజు అడిగాను.

"కంప్యూటర్ల ఏజెంట్ అని ఒకటి పెట్టిన్రు అవ్వా. మనం చెప్తే ఆఫీసు పని అదే చేసుకుంటది. హాస్టల్ రికార్డుల ఒక కాలమ్ మార్చాలంటే దానికొక పనిముట్టు ఇచ్చిన్రు. దాన్ని ఎట్ల వాడాల్నో నేను రాస్త."

"ఎవరు చదువుతరు?"

"అదే చదువుతది."

రొట్టె తడుతున్న చెయ్యి ఆగిపోయింది. మిషన్ చదవడమేంది, ఇంత చదివిన ఆడపిల్ల దానికి పంతులమ్మ కావడమేంది. నేను నమ్మలేదు.

"మనిషికి సగం చెప్పినా తతిమ్మది సమజైతది. దానికి రాయనిది లేనట్టే," అంది నవ్వుతూ.

ఆమె కాంట్రాక్టు గడువు దగ్గరపడింది. ఫైలు వాళ్ళ పెద్దసారు వెంకటేశం టేబుల్ మీద ఉంది. ఆయన దాన్ని పైకి పంపితే ఇంకో ఏడాది నౌకరీ, లేకపోతే గది ఖాళీ చేసి ఊరికి పోవడమే. పైకి పోయిందా అని ఇంటికి రాగానే రోజూ అడిగేదాన్ని.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున ఫోన్ మోగింది.

"పోచమ్మ గారేనా? హాస్టల్ ఆఫీసు నుంచి. మీ భాగ్యకు ఔట్‌పాస్ కావాల్నంట. పంపమంటరా?"

"నాకు ఏ భాగ్య లేదు."

"రికార్డుల మీ పేరే ఉన్నది గదమ్మా."

"రికార్డుల రాస్తే పిల్లలు పుడ్తరా?" అని పెట్టేశాను.

వెంటనే ఇంకొకటి. ఆ తరువాత ఎవరో పిల్ల ఫోన్ చేసి నేరుగా నా మీదికే వచ్చింది. "మా మామ పేరు తీసేసి నీ పేరెందుకు పెట్టించుకున్నవ్?" అంటుంది. నలభై ఏళ్ళుగా తార్నాకలో బతుకుతున్నాను, ఒకరి మామను తీసేశానన్న మాట ఎన్నడూ పడలేదు. పిండి చేతులు కడుక్కుని ఆటో ఎక్కాను.

హాస్టల్ ఆఫీసులో వార్డెన్ సుజాత కంప్యూటర్‌ను నా వైపు తిప్పింది. పై నుంచి కిందిదాకా ఒకటే పేరు, పోచమ్మ. పక్కన నా ఫోన్ నంబర్. ఆమె వేలితో ఇంకా కిందికి జరుపుతుంటే ఇంకా పోచమ్మలే వస్తున్నారు. కుర్చీ వెయ్యమన్నాను. భాగ్య అనే ఆ పిల్ల సంచి పట్టుకుని గోడవారన నిలబడి ఉంది. సుజాత చివరికి తల్లికే ఫోన్ చేసి ఆ పిల్లను పంపించింది, నన్ను వెంకటేశం సారు గదికి తీసుకుపోయింది.

కరుణ అక్కడే ఉంది.

"నిన్నటి కాపీ ఉన్నది. పగటీలికల్లా అందరి పేర్లు ఎట్లున్నవి గట్ల వస్తయి," అన్నాడు సారు. "మిషన్ తప్పు చేసిందని రాసి పంపిద్దాం. ఖతం."

నా ప్రాణం కుదుటపడింది. అప్పుడు కరుణ నోరు తెరిచింది.

"మిషన్ తప్పు కాదు సార్. ఒక పిల్ల గార్డియన్ పేరు మార్చుమని క్లర్కు ఏజెంట్‌కు చెప్పిండు. ఏ పిల్లో చెప్పలే, కొత్త పేరేందో చెప్పలే. చెప్పకపోతే ఆగి అడగాల్నని దానికిచ్చిన పేజీల నేను రాయలే. ఉదాహరణకని ఒక పేరు, ఫోన్ నంబరు రాసిన. అది ఉత్త ఉదాహరణ అని గూడ రాయలే. గా పేరే తీసి అందరికీ పెట్టింది."

"నా పేరే దొరికిందా నీకు?" అన్నాను.

"నాకు తెలిసిన గార్డియన్ నువ్వొక్కదానివే అవ్వా."

నేను ఆమె జబ్బ గిల్లాను. "సారు వదిలేస్తుంటే నీకేం పుట్టిందే? నోరు ముయ్యి."

సారు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "నీ ఫైలు నా ముందటనే ఉన్నది కరుణా. నువ్వు గిది రాసిస్తే దాన్ని పైకి పంపలేను. సోంచాయించుకో."

"మిషన్‌దే అని రాస్తే నేను రాసిన పేజీ గట్లనే ఉంటది సార్. గియ్యాల గార్డియన్ల పేర్లు, రేపు మార్కులు."

రాసిచ్చింది. నా కళ్ళ ముందే రాసిచ్చింది. తరువాత అదే గదిలో మూలన కూర్చుని పేజీ సవరించి నాకు చదివి వినిపించింది. ఎవరిదో చెప్పకపోతే ముట్టుకోవద్దు, ఆగి అడుగు. ఒక్కరి కంటే ఎక్కువ మందివి మారేటట్టుంటే మనిషి ఒప్పుకునేదాకా ఆగు. ఇక్కడున్న పేర్లు ఉత్తుత్తివి, వాడవద్దు. నాకేం వినబడింది? ఫైలు ఒక్కటే కనబడుతున్నది.

ఫైలు కదలలేదు. గడువు తీరిన సాయంత్రం నా బండి పక్క స్టూలు మీద కూర్చుని తండ్రికి ఫోన్ చేసింది.

"నాయినా, నౌకరీ పోయింది."

"ఎందుకు బిడ్డా?"

"తప్పు చేసిన. చేసిన అని చెప్పిన."

అవతల మిల్లు చప్పుడు వినబడుతున్నది. ఈ పిల్లను అందరి ముందూ నేను ఎంత తిట్టానో, ఈయన అంతకు నాలుగింతలు తిట్టాలని కాచుకుని కూర్చున్నాను.

"చెప్పకుంటే నౌకరీ ఉంటుండెనా?"

"ఉంటుండె."

పెనం మీద రొట్టె మాడుతున్నది. నేను చూడలేదు.

"మంచిది," అన్నాడు వెంకటనర్సయ్య. "ఏ బస్సుకు వస్తున్నవ్ బిడ్డా? స్టాండు కాడ నిలబడ్త."