నేను బుక్ చేసిన గోడ

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా నేను అక్షరం రాయని గోడ ఒక్కటీ లేదనీ, ఒక కాలంలో ఈ ఊరు నడుస్తూ చదివినదంతా నా చేతిరాతేననీ మనవి చేసుకుంటూ మొదలుపెడుతున్నాను. నా ఈడువాళ్ళు కాదనరు, ఎందుకంటే ఎవరికీ అంత గుర్తుండదు.

ఇదంతా మళ్ళీ తవ్వడానికి కారణం నిన్న పొద్దున వచ్చిన ఒక అమ్మాయి. అశోక్ నగర్‌లో మా కోడలు నడిపే రీడింగ్ హాలు మెట్ల మీద కూర్చుని ఉన్నాను. సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్ళు నెలకింత అని ఒక కుర్చీ, ఒక బల్ల కిరాయికి తీసుకునే చోటు అది. ఆ అమ్మాయి భుజాన సంచీతో వచ్చి, ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "తాతా, గీ హాలు ఇదేనా?" అంది. ఫోనులో మా కిటికీ, మా కుర్చీ. అచ్చంపేటలో బస్సెక్కకముందే ఆ ప్రకటన ఆమెకు కనబడిందట. అవును బిడ్డా అన్నాను గానీ, లోపల ఏదో కలుక్కుమంది. దాని పేరు నాకు బాగా తెలుసు, అసూయ. నలభై ఏళ్ళ పైబడిన పరిచయం.

పరిచయం చేసింది మా బావమరిది. నేను ఒంటరి పెయింటర్ని, నిచ్చెన భుజాన, డబ్బా చేతిలో. ఆయన నారాయణగూడలో పబ్లిసిటీ కంపెనీ పెట్టి, నలుగురు పెయింటర్ల చేత రాయించి, రంగుల వ్యాపారం చేస్తూ కూడా తెల్లచొక్కా మీద మరక లేకుండా ఇంటికి వెళ్ళేవాడు. ఆ చొక్కాను నేను ఎన్నడూ క్షమించలేదు. ఆయన పోయి మూడేళ్ళయింది, అయినా కళ్ళు మూసుకుంటే ముందు ఆ చొక్కాయే కనిపిస్తుంది.

అప్పట్లో మా పనిలో ఒక కట్టుబాటు ఉండేది. గోడకు సున్నం కొట్టి, మూలన బుక్ అని రాసి, పక్కన పెయింటరు తన పేరు పొడి అక్షరాలు వేస్తే, ఇంకొకడు దాని మీద కుంచె పెట్టకూడదు. బస్సులు మలుపు తిరగడానికి నెమ్మదించే చోట, నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక మంచి గోడను నేను అలా బుక్ చేశాను, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ కోసం. ఒకనాటి పొద్దున వెళ్ళి చూస్తే బావమరిది కంపెనీ రాత ఉంది, అక్షరాలు ఇంకా ఆరనైనా లేదు. ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా, ఏ బారసాల జరిగినా, భోజనాల దగ్గర ఈ కథ చెప్పకుండా నేను చెయ్యి కడుక్కోలేదు.

సంగతికి వస్తాను. రెండేళ్ళ కిందట మా గల్లీలో ఏసీ పెట్టిన కొత్త హాళ్ళు నాలుగు వచ్చి, మా హాల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. దసరా లోపు కుర్చీలు నిండకపోతే అంతస్తు ఖాళీ చెయ్యమని బిల్డింగు యజమాని చెప్పేశాడు. ఫోన్లలో ప్రకటన ఇవ్వాలని కోడలు తేల్చుకుంది. ఎవరి చేత చేయించాలన్నదే తేలలేదు. ఒకవైపు దోమలగూడలో అద్దాల తలుపుల ఏజెన్సీ, అందులో రాసేవాళ్ళు వేరు, బొమ్మలు చేసేవాళ్ళు వేరు, జవాబు చెప్పేవాళ్ళు వేరు. అది మా బావమరిది కొడుకుదేనని వేరే చెప్పాలా. ఇంకోవైపు కల్వకుర్తి నుంచి వచ్చి మా కిటికీ పక్క కుర్చీలో నాలుగేళ్ళు చదివిన ఒక అమ్మాయి. పరీక్షకూ పరీక్షకూ మధ్య సొంత ల్యాప్‌టాప్ మీద దుకాణాలకు ప్రకటనలు చేసిపెట్టేది. దాన్ని ఫ్రీలాన్స్ అంటారట. మా రోజుల్లో నన్ను ఆ మాట అని ఉంటే ఎంత గౌరవంగా ఉండేదో.

ఏజెన్సీ వాళ్ళు పని ఒప్పుకునేటప్పుడు ఒకరు, చేసేటప్పుడు ఇంకొకరనీ, ఒంటరి మనిషైతే తన పేరు కోసం ప్రాణం పెడతాడనీ చెప్పి, పనిలో పనిగా గోడ కథ కూడా చెప్పాను. కోడలు అంతా విని, "మామయ్యా, మీరు చెప్పేది ఏజెన్సీ ముచ్చటనా, మీ బావమరిది ముచ్చటనా?" అంది. రెండూ ఒకటేనన్నాను. ఏమనుకుందో గానీ నా మాటే నెగ్గింది.

ఆ కల్వకుర్తి అమ్మాయి పొద్దుటి వెలుతురులో తన పాత కుర్చీని ఫోటో తీసి, కింద మూడు ముక్కలు రాసింది: కరెంటు పోదు, ముచ్చట్లు ఉండవు, కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ ప్రకటనను ఊళ్ళలోని ఫోన్లకే కనిపించేలా పెట్టిందట, ఈ గల్లీలో ఎవరికీ కనిపించదేమని అడిగాను. "మనకు కావాల్సినోళ్లు ఇంకా ఊర్లనే ఉన్నరు తాతా. ఈడ చూపెట్టి ఏం ఫాయిదా?" అంది. వారం తిరక్కుండా అడిగేవాళ్ళ మెసేజీలు మొదలయ్యాయి. నేను మెచ్చుకున్నాను, కానీ ఆ పూట అన్నం సహించలేదు. నా గోడల ముందుకు జనమే రావలసి వచ్చేది, ఈ పిల్ల గోడ జనం చేతిలోకే వెళ్ళిపోయింది, అదీ నిచ్చెన ఎక్కకుండా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను రాసిన గోడలు మొత్తం ఏడు. అందులో రెండు, ఇక్కడ మూత్రం పోయరాదు అన్నవి. ఊళ్ళో తక్కిన గోడలు చాలావరకు బావమరిది కంపెనీ రాసినవే. చౌరస్తా గోడ మీద అక్షరాలు కూడా నేను చూసేసరికి ఆరిపోయే ఉన్నాయి.

దసరాకు పదిహేను రోజులుందనగా ఆ అమ్మాయి పరీక్ష దగ్గరపడి ఫోను కట్టేసి చదువులో కూర్చుంది. ప్రకటన నడుస్తూనే ఉంది. అడిగేవాళ్ళ మెసేజీలు మాత్రం ఆమె ఖాతాలోనే వచ్చి పడుతున్నాయి, ఆ ఖాతా తెరవడం మాకు తెలియదు. జవాబు రాక పిల్లలు పక్క హాళ్ళకు పోతున్నారు. కోడలు నాతో చెప్పకుండా దోమలగూడకు ఫోను చేసింది. బావమరిది కొడుకు ఒక మనిషిని పంపి, కోడలి పేరు మీద కొత్త ఖాతా తెరిపించి, ఆ ఫోటోనూ ఆ మూడు ముక్కలనూ అలాగే ఉంచి, అడిగిన ప్రతివాళ్ళకూ జవాబిప్పించాడు. పండక్కి కుర్చీలు నిండాయి, అంతస్తు నిలిచింది.

పరీక్ష రాసి వచ్చిన అమ్మాయి అలుగుతుందని, నాలాగే నలభై ఏళ్ళు చెప్పుకోవడానికి ఆమెకూ ఒక కథ దొరికిందని, నేను కొంచెం ఆశగానే ఎదురుచూశాను. ఆమె నవ్వి, "మంచిగైంది అక్కా, నాకు టెన్షన్ తప్పింది," అని కోడలితో చాయ్ తాగి వెళ్ళింది. ఇప్పటికీ మాటలు ఆమె రాస్తుంది, జవాబులు వాళ్ళు చెబుతారు. ఆమె రాతకు గానీ, వాళ్ళ అద్దాల తలుపులకు గానీ నేను అంత కుళ్ళుకోలేదు. ఆ నవ్వుకు కుళ్ళుకున్నాను.

ఇప్పుడు నారాయణగూడ చౌరస్తాలో ఆ గోడ లేదు. ఉన్న గోడలకు ఫ్లెక్సీలు కడుతున్నారు, వాటిని ఎవరు రాశారో ఎవరూ అడగరు. ఫోనులో ప్రకటన బొటనవేలు కదిలితే మాయమవుతుంది, పొడి అక్షరాలు వేసుకోవడానికి దానికి మూల అన్నదే లేదు. పేరు పెట్టుకునే చోటు లేనప్పుడు పోట్లాడుకునే చోటు కూడా ఉండదేమో, అందుకే ఈ పిల్లలు ఇంత తేలిగ్గా నవ్వగలుగుతున్నారేమో అనుకుంటూ ఇంతవరకు రాసి, మా ఆవిడకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ చివరిదాకా విన్నది.

"మా తమ్ముడు నీ గోడ ఎత్తుకపోలే. బుక్ అని రాసి మూడు వారాలు నువ్వు పత్తా లేవు, లోయర్ ట్యాంక్ బండ్ కాడ కారమ్స్ ఆడుకుంట కూసున్నవ్. ఆ ఇన్‌స్టిట్యూట్ ఆయన దినాం వచ్చి మన గడపల నిలబడుతుండె. బావ గోడ నేను ముట్టనక్కా అని వాడు మొత్తుకుంటె, తిట్టి రాయించింది నేను. రాస్తే గది రాయి."