ఒక్క పైపులో ఆరు జతలు

ఈ ఎడారి దేశంలో, అల్ మన్సూరా అనే పేటలో ఒక పాత భవనాన్ని మా కంపెనీ అద్దెకు తీసుకుని కార్మికుల వసతిగా మార్చింది. పై అంతస్తులో విద్యుత్ పని తనిఖీ చేసి సంతకం పెట్టే బాధ్యత నాది. అది జనవరి. ఆరు గదులు, ఆరు ఏసీలు. ఒక్కోదానికి ఒక్కో పైపు అని నక్షా చెబుతోంది. నడవా చివర గోడలో ఉన్న జంక్షన్ పెట్టె మూత విప్పి చూస్తే, ఆరు జతల తీగలూ ఒకే పైపులోంచి బయటికి వస్తున్నాయి.

ఫోర్‌మన్‌ది జగిత్యాల వైపు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. ఆ గదుల్లో ఒకదానిలో అతనూ, మిగిలినవాటిలో అతని మనుషులూ ఉండబోతున్నారు.

“మిగతా ఐదు పైపులు ఏమయ్యాయన్నా?”

“కాంక్రీట్ దిగి గడ్డకట్టినయ్ సారూ. ఎన్కట ఎవడో మూతలు బెట్టకుంట స్లాబ్ పోసిండు. ఒక్కటే తెరిపిగుండె. సబ్బునీళ్లు రాసి గుంజినం. ఎట్లొచ్చినయ్ సూడు, పాము లెక్క!”

తీగ పైపులోంచి రావడం వేరు, మోయడం వేరు. ఆ తీగ ఒంటరిగా పోతే ఇరవై నాలుగు ఆంపియర్లు మోస్తుందని పట్టిక చెబుతుంది. ఆరు జతలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పోతే వేడి బయటికి పోయే దారి ఉండదు గనుక ఆ అంకెలో సుమారు సగమే మిగులుతుంది. పైపు పోయేది పైకప్పు స్లాబులోంచి. వేసవిలో అక్కడి ఉడుకుకు మరికొంత కోత. చివరికి పది కూడా మిగలలేదు. ఒక్కో ఏసీ లాగేది పన్నెండు.

“ఆరు నడిపి సూపెట్టిన గద. ట్రిప్పయిందా?”

“ఇరవై ఆంపియర్ల బ్రేకర్ పన్నెండుకు ఎందుకు ట్రిప్పవుతుంది? పైపు లోపలి వేడి దానికేం తెలుస్తుందన్నా?”

అతను నవ్వాడు. “తమ్మీ, నువ్వు కాలేజిల మైకు వట్టి గెలిచినోనివి. నా ముచ్చట గూడ ఒక్కటి ఇను. ఎండ మండేది పగటీలి. పగటీలి మేమంత డ్యూటీల ఉంటం, ఏసీలన్ని బంద్. రాత్రికి కప్పు సల్లవడ్తది. ఇగ గరమెక్కడిది?”

వాదనలో పస ఉంది. ఎదుటివారి వాదనలో పస ఉంటే ఒప్పుకోవాలన్నది నేను చర్చా వేదికల మీద నేర్చుకున్న నియమం. రాత్రి వేడికి మళ్లీ లెక్క కట్టాను. తీగ మోయగలిగేది పన్నెండుకు వెంట్రుకవాసి తక్కువ వచ్చింది. ఆ కాస్తకేంలే అనుకున్నాను. ‘పగటిపూట ఏసీలు నడపరాదు’ అని కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

వేసవిలో నడినెత్తి ఎండవేళ బయట పని చేయించకూడదన్న నిబంధన ఈ దేశంలో ఉంది. దాన్ని గట్టిగా సమర్థించినవాళ్లలో నేనొకణ్ణి. స్వెటర్లు వేసుకుని నిలబడి వాదించుకున్న ఆ జనవరి రోజున మాత్రం ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం పన్నెండింటికి ఆ నడవాలోకి వెళ్లాను. ఎండవేళ నిబంధన ప్రకారం మనుషులంతా సైటు నుంచి తిరిగొచ్చి గదుల్లో పడుకున్నారు. ఆరు ఏసీలూ ఒకే శ్రుతిలో మోగుతున్నాయి. ప్లాస్టిక్ వేడెక్కిన కమురు వాసన, తీపిగా, సన్నగా. పెట్టె మూత మీద వేలు పెట్టి వెంటనే తీసేశాను. కిందికి దిగి మూడు బ్రేకర్లు దించేశాను.

ఫోర్‌మన్ తడిసిన బనీనుతో మెట్ల మీదికి వచ్చాడు. “ఎవడాపిండు? సచ్చిపోతం సారూ, లోపట పొయ్యి ఉన్నట్టుంది!”

అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ మూతకు తాకించాను. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“యల్లా, నడువుండ్రి, పరుపులు గుంజుండ్రి,” అన్నాడు గదుల వైపు తిరిగి. “మూడు రూముల్నే అందరం.”

కొత్త పైపు గోడ మీదుగా వేయాలని ఆఫీసుకు ఫోన్ చేశాను. వచ్చే వారం చూద్దామన్నారు. తీగ మీది పూత ఒకసారి మెత్తబడి నలిగితే మునుపటి మందానికి రాదు. ఐదు నెలల్లో అది ఎంత మెత్తబడిందో, ఏ రెండు తీగల మధ్య ఎంత పలచబడిందో కప్పు పగలగొడితే తప్ప తెలియదు. మిగిలిన మూడు ఏసీలూ ఆ పైపులోంచే నడుస్తున్నాయి. వాటి కింద ఇరవై ఆరు మంది నిద్రపోతున్నారు.