చెప్పకుండా పోయే వేడి

పోయిన వారం మా సార్ పోయారు. నేను సూరత్ పక్కన ఇచ్ఛాపూర్‌లో డ్యూటీకి బయలుదేరుతుంటే నాన్న ఫోన్ చేశాడు. "సార్ లేడు బిడ్డా" అని పెట్టేశాడు.

కోసాడ్ కాలనీలో మా పక్కిల్లే సార్‌ది. బడిలో మాకు సైన్సు చెప్పింది ఆయనే. సూరత్ అంతా చాయ్‌ని సాసర్‌లో పోసుకుని తాగితే, ఆయన మాత్రం సాసర్‌ని కప్పు మీద మూత పెట్టేవారు. "వేడి చెప్పకుండ పోతది బిడ్డా, జర కావలుండాలె" అనేవారు. నీళ్లను కలియబెట్టకుండా థర్మామీటరు ముంచామా, అంత నెమ్మదస్తుడికీ ఎక్కడలేని కోపం వచ్చేది.

నాన్న జోల్వాలోని మగ్గాల మిల్లులో మెకానిక్. ఒకసారి పాత సామానుతో నీళ్లు మరిగించే యంత్రం చేశాడు. తీసుకున్న కరెంటు కన్నా ఎక్కువ వేడి ఇస్తోందని నమ్మాడు. యంత్రంలో తగ్గిన నీళ్లన్నీ ఆవిరయ్యాయని, అంత ఆవిరికి అంత వేడి పట్టిందని ఆయన లెక్క. కాలనీ అంతా చూడటానికి వచ్చింది. ఇక ఇవే చేసి అమ్ముకుంటానని, నౌకరీ మానేస్తానని అన్నాడు. అమ్మకు అన్నం సహించలేదు. కొలిచి ఔనని చెప్పమని నాన్న సార్‌ని పిలిచాడు.

సార్ ఆవిరి గొట్టాన్ని చన్నీళ్ల బకెట్‌లో ముంచి, ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో చూశారు. అదనపు వేడేమీ కనబడలేదు.

"ఆవిరితోటి నీళ్లు గూడ కొట్టుకొస్తున్నయ్ రా. నువ్వు గవి గూడ ఆవిరే అనుకున్నవ్."

"దోస్తువై గిట్ల జేస్తవా?" అని నాన్న ముఖం తిప్పుకున్నాడు.

కొన్నాళ్లకు సార్ తనే మళ్లీ వచ్చారు. "నా బకెట్‌కు మూత లేకుండె. నా లెక్క గూడ పక్కా గాదు. మళ్ల జేద్దాం పా."

ఈసారి మూత పెట్టి, గోనెసంచి చుట్టి ఇద్దరూ కొలిచారు. రవ్వంత ఎక్కువే వచ్చింది. నాన్న కళ్లు మెరిశాయి. సార్ తల అడ్డంగా ఊపారు.

"గీ ఎక్కువొచ్చిన వేడి మన కొలతలల్ల అయ్యే తప్పుకన్న చిన్నగున్నది. ఉన్నదనలేం, లేదనలేం. దీన్ని నమ్ముకోని నౌకరీ ఇడువకు."

నాన్న నౌకరీ విడవలేదు. ఆ మాట వల్లే మేం రోడ్డున పడలేదు. కాలనీలో ఎవరైనా ఆ యంత్రం పేరెత్తి నాన్నను మోసగాడంటే సార్ ఊరుకునేవారు కాదు. "కొలుసుడు కష్టం, అనుడు అల్క" అని కసిరేవారు.

నిన్న వాళ్లింటికి వెళ్లాం. సార్ ఫొటో ముందు చాయ్ కప్పు పెట్టి ఉంది. నాన్న తన చాయ్‌ని అలవాటుగా సాసర్‌లో పోసుకోబోయి ఆగాడు. ఆ సాసర్ తీసి ఫొటో ముందున్న కప్పు మీద మూత పెట్టాడు. తన చాయ్ చల్లారిపోతున్నా, సార్ కప్పు పక్కనే కావలి కూర్చున్నాడు.